సైన్స్ డే స్టాల్‌లో మీ పరిశోధన గురించి జనానికి చెప్పడం ఎలా?

ఫిబ్రవరి 28 దగ్గర పడిందంటే యూనివర్సిటీల్లో హడావిడి మొదలవుతుంది. 1928లో సి.వి. రామన్ సాధించిన ఆవిష్కరణకు గుర్తుగా 1987 నుంచి ఆ రోజున జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకుంటున్నాం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) ల్యాబులు సెప్టెంబరు 26న, సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినోత్సవానికి కూడా జనాన్ని లోపలికి రానిస్తుంటాయి. ఇలాంటి రోజున "మన ల్యాబ్ తరఫున స్టాల్ నువ్వే చూసుకో" అని గైడ్ మీకు అప్పజెబితే ఎక్కడ మొదలుపెట్టాలో ఇక్కడ రాస్తున్నాను. నేను పనిచేసేది భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ మీద, అందుకే ఉదాహరణలన్నీ అక్కడివే.

1. ముందు ఒక్క ప్రశ్న పట్టుకోండి

మొదటి ఏడాది నేను పది గ్రాఫులతో పోస్టర్ పెట్టాను. స్కూలు పిల్లలు వరసగా వచ్చి, చూసి, వెళ్లిపోయారు. ఒక పెద్దావిడ మాత్రం చాలాసేపు నిలబడి మొత్తం చదివి, "ఇంతకీ మా బోరు నీళ్లు తాగొచ్చా అమ్మా?" అని అడిగింది. ఆ జవాబు నా పోస్టర్‌లో ఎక్కడా లేదు. మరుసటి ఏడాది ఆ ప్రశ్ననే పెద్ద అక్షరాలతో పైన రాశాను, గ్రాఫులన్నీ తీసేశాను. థీసిస్ మొత్తం చెప్పాలనుకోకండి. మీ పని వల్ల మామూలు మనిషికి వచ్చే ఒక్క సందేహం ఏమిటో చూసుకుని, స్టాల్ అంతా దాని చుట్టూ పెట్టండి.

2. ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి

వారం ముందే అమ్మకో, బాబాయికో ఫోన్ చేసి రెండు నిమిషాల్లో మీ పని చెప్పండి. వాళ్లు "అంటే?" అన్న చోటల్లా మాట మార్చాలి. నేను "గాఢత" తీసేసి "లీటరు నీళ్లలో ఎంత ఉంది" అంటున్నాను. అంకెలను కూడా ఇంట్లో ఉండే వస్తువులతో చెప్పాలి. మన దేశంలో తాగునీటిలో ఫ్లోరైడ్‌కు పెట్టుకున్న పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అంటే 20 లీటర్ల వాటర్ టిన్నులో 20 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పు కన్నా చాలా తక్కువ. ఇంత కొంచెం దాటినా చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద మచ్చలు రావచ్చు, ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోతాయి అన్నప్పుడు వినేవాళ్ల ముఖం మారుతుంది.

3. చేత్తో పట్టుకునేది ఒకటి, కళ్లతో చూసేది ఒకటి పెట్టండి

మా టేబుల్ మీద నల్గొండ వైపు నుంచి తెచ్చిన గ్రానైట్ ముక్క ఉంటుంది. అది పిల్లల చేతిలో పెట్టి, ఇలాంటి రాళ్లలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ మెల్లగా నీళ్లలోకి దిగుతుందని చెప్తాను.

పక్కన రెండు సీసాలు ఉంటాయి. ఒకదానిలో మామూలు నీళ్లు, రెండో దానిలో ల్యాబులో ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు. "ఏది మంచిదో చెప్పు" అంటే ఒక్కరూ చెప్పలేరు, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అప్పుడు టెస్ట్ కిట్ తీయండి. గులాబీ రంగు మందు వేస్తే ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పసుపు వైపు తిరుగుతాయి. ఆ రంగు మారే క్షణం చూడ్డానికి వెనక ఉన్నవాళ్లు కూడా ముందుకు తోసుకొస్తారు.

ఒక జాగ్రత్త. ఎండలో తిరిగి వచ్చిన పిల్లలకు సీసాలో నీళ్లు కనిపిస్తే తాగబోతారు. మూతలు టేపుతో బిగించి, "తాగరాదు" అని తెలుగులో రాయండి. కిట్ మందు చర్మానికి తగలకూడదు, దాన్ని మీరే వేయాలి.

4. వచ్చే ప్రశ్నలకు నిజాయితీగా సిద్ధపడండి

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. నాకు ప్రతిసారీ ఎదురయ్యేవి ఇవి.

"కాచి తాగితే పోతుందా?" పోదు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ మిగిలిపోతుంది కాబట్టి లీటరుకు లెక్క ఇంకా పెరుగుతుంది.

"పటిక వేస్తే?" నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన నల్గొండ టెక్నిక్‌లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు. మా జిల్లా పేరుతో పద్ధతి ఉందా అని నల్గొండవాళ్లు ఎంత సంతోషపడతారో! కానీ ఆ మోతాదు నీళ్లను పరీక్షించి లెక్కగట్టాలి. బిందెలో పటిక తిప్పితే బురద తేరుకుంటుంది, తేరిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉండొచ్చు. ఈ తేడా చెప్పకుండా మీరు పటిక ప్రయోగం చూపించారంటే, జనం తప్పు నమ్మకంతో ఇంటికి వెళ్తారు.

"మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయిగా, ఇంకా ఈ పరిశోధన ఎందుకు?" ఇలాంటి ప్రశ్నకు చిన్నబుచ్చుకోకండి, అడిగినవాళ్లది న్యాయమే. బోరు నీళ్లను ఇంకా ఎవరు, దేనికి వాడుతున్నారో చెప్పండి.

తెలియనిదానికి "నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను" అనండి. ఎవరి బోరు గురించీ ఊహించి భరోసా ఇవ్వొద్దు, శాంపిల్ తెచ్చి పరీక్ష చేయించుకోమనండి.

5. ఫొటోల విషయంలో ఆలోచించండి

ఫ్లోరైడ్ వల్ల కాళ్లు వంకరపోయిన మనుషుల ఫొటోలు పెడితే జనం ఆగుతారు, నిజమే. నేను పెట్టను. ఆ ఊళ్లవాళ్లు కూడా అదే స్టాల్‌కు రావచ్చు. ఒప్పుకున్నవాళ్ల మాటలు ఉంటే, వాళ్లు చెప్పిన తీరులోనే రాసి పెట్టండి.

6. ఆ రోజు

టేబుల్ వెనక కూర్చోకండి, ముందుకొచ్చి నిలబడండి. మూడో తరగతి పిల్లలకు అందే ఎత్తులో సామాను పెట్టండి. గంటకొకరు మారేలా కనీసం ఇద్దరు ఉండాలి, లేకపోతే మధ్యాహ్నానికే గొంతు పోతుంది.

టేబుల్ మీద ఒక నోట్‌బుక్ ఉంచి, జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు, అడిగినవాళ్లు ఇష్టపడి ఇస్తే ఫోన్ నంబర్లు రాసుకోండి. సాయంత్రం సామాను సర్దాక గైడ్‌తో కూర్చుని ఆ పేజీలు చదవండి. వారంలోపు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జవాబు చెప్పండి, ఆ తర్వాతే నంబరున్న పేజీ చింపేయండి.