లాంగ్ రైఫిల్ కిట్: మేపుల్ స్టాక్‌కి రంగు సరిగా ఎక్కకపోతే ఎక్కడ చూడాలి

రంగు వేశాక మచ్చలు తేలాయని వచ్చేవాళ్లని మొదట అడగాల్సింది ఒక్కటే: రంగుకి ముందు స్టాక్ (తుపాకీకి ఉండే కర్ర భాగం) మొత్తం నీళ్లతో తడిపి చూశారా? నూటికి తొంభై మంది చూసి ఉండరు. గిన్నెడు నీళ్లు, ఒక పాత గుడ్డ, అయిదు నిమిషాల పని. దాన్ని వదిలేసి, తర్వాత వారం రోజులు మచ్చల చుట్టూ తిరుగుతారు.

ఇక్కడ చెప్పేదంతా పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ తరహా కిట్ల గురించి, విడిభాగాలుగా తెప్పించుకుని మనమే కూర్చుకునే పాతకాలపు పొడవాటి తుపాకుల గురించి. అంటే పులిచారల మేపుల్ స్టాక్, దానికి ఐరన్ నైట్రేట్ రంగు, పైన ఉడికించిన అవిసె నూనె. పద్దెనిమిదో శతాబ్దపు పనివాళ్లు ఆక్వా ఫోర్టిస్ అనే నత్రికామ్లంలో ఇనుము కరిగించి వాడిన రంగుకి ఇది వారసురాలు. బ్యారెల్ (గొట్టం), లాక్ (మందుకి నిప్పు అంటించే యంత్రాంగం) కర్రలో కూర్చోబెట్టడం అయిపోయిందనే అనుకుంటున్నాను. ఇంకో మాట. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ కిట్లు పోస్టులో వచ్చేస్తాయి, కొన్నిట్లో రావు. మీ రాష్ట్రం సంగతి ముందే కనుక్కోండి. ఇండియాలో ఇలాంటి మజిల్‌లోడర్ (మూతి వైపునుంచి మందు నింపే తుపాకీ) కూడా 1959 ఆయుధాల చట్టం కిందికే వస్తుంది కాబట్టి, లైసెన్సు లేకుండా సరదాకి తెప్పించుకునే వస్తువు కాదు.

తడిపి చూసే పద్ధతి

లాక్, బ్యారెల్, ట్రిగ్గర్ గార్డ్, బట్ ప్లేట్ (స్టాక్ వెనక కొసన ఉండే లోహపు పలక) అన్నీ ఊడదీయండి. గుడ్డ తడిపి పిండి, స్టాక్ అంతా ఒకే తడి వచ్చేలా తుడవండి. గదిలో లైట్లు ఆపి, టార్చిని కర్రకి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. అడ్డంగా పడిన శాండ్ పేపర్ గీతలు తెల్లగా లేస్తాయి. ఆకురాయి నొక్కుళ్లు ఉబ్బుతాయి. జిగురు అంటిన చోటు మెరుస్తుంది. నూనె దిగిన చోట తడి ఇంకకుండా పూసల్లా నిలుస్తుంది.

ఆరాక నూగు లేస్తుంది. 320 నంబరు పేపరుతో నూగు మాత్రమే తీసి, మళ్లీ తడపండి. మేపుల్‌కి రెండు మూడు సార్లు ఇలా చేయాలి. దీనికి ముందు నునుపు చేయడానికి 220 చాలు. ఇంకా నున్నగా ఉంటే బాగుంటుందని 600 దాకా వెళ్తే కర్ర గాజులా బిగుసుకుని రంగు తాగదు.

లాక్ చుట్టూ, టాంగ్ (బ్యారెల్ వెనక ఉండే లోహపు తోక) వెనక పాలిపోయిన మచ్చ

ఎక్కువమంది చేతులు కాల్చుకునేది దీంతోనే. రంగు వేయని కర్ర మీద పైకి ఏమీ కనబడదు. రంగు పూసినప్పుడు కూడా ఫరవాలేదనిపిస్తుంది. హీట్ గన్ పట్టాక, చుట్టూ ఎర్రటి గోధుమరంగు తిరుగుతుంటే, లాక్ గూడు వెనక అంచు నుంచి మణికట్టు భాగం (స్టాక్ సన్నబడి చేతికి పట్టే చోటు) వైపు తోకచుక్కలా ఒక పసుపు చార బయటపడుతుంది. రంగు తక్కువైందనుకుని ఇంకో పూత వేస్తారు. చుట్టుపక్కల ఇంకా ముదురుతుంది, మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడో పూత వేసేసరికి స్టాక్ నల్లబడుతుంది, మచ్చ మాత్రం పసుపుగానే ఉంటుంది.

కారణం నూనె. కానీ మీ చేతి నూనె కాదు. కొత్త లాక్ తుప్పు పట్టకుండా నూనె రాసుకుని వస్తుంది. దాన్ని గూట్లో కూర్చోబెట్టేటప్పుడు ముప్పై నలభై సార్లు పెట్టి తీస్తారు, ప్రతిసారీ స్క్రూ బిగిస్తారు. అలా బిగించినప్పుడల్లా ప్లేటు కింది నూనె కర్రలోకి దిగుతుంది. గూడు చివర కర్ర నారలు అడ్డంగా తెగి ఉంటాయి. ఆ తెగిన ముఖం నుంచి నూనె దీపం ఒత్తిలో పాకినట్టు నార వెంట లోపలికి పోతుంది. పైన ఒక మిల్లీమీటరు పొడిగానే ఉంటుంది, కింద తడి. పైపైన ఎసిటోన్‌తో తుడిచినంత మాత్రాన ఆ లోపలి నూనె కదలదు. హీట్ గన్ వేడికి అది పలచబడి పైకి వస్తుంది. నీళ్లలో కరిగిన ఐరన్ నైట్రేట్‌ని నూనె దగ్గరకి రానివ్వదు.

నూనె లోపలికి చేరడానికి ఇంకో రెండు దారులున్నాయి, అవి ఎవరికీ తట్టవు. మొదటిది, గూడు సరిచూసుకోవడానికి రాసే నల్లరంగు. దుకాణాల్లో దొరికే పేస్టుల్లో చాలావరకు నూనెలో కలిపినవే. రెండోది, బ్యారెల్ లోపల నూనె రాసి, స్టాక్‌లో పెట్టి, మూతి పైకి ఉండేలా మూలన నిలబెట్టడం. పది రోజుల్లో ఆ నూనె కిందికి జారి, వత్తి రంధ్రం (లోపలి మందుకి నిప్పు చేరే చిన్న కన్నం) గుండా సరిగ్గా లాక్ గూడు ముందుభాగంలోకి చేరుతుంది.

జిగురు మచ్చతో దీన్ని కలిపేసుకోవద్దు. జిగురు, ఎపాక్సీ మచ్చకి అంచు కచ్చితంగా గీసినట్టు ఉంటుంది. బ్యారెల్ కాలువ అంచున గాని, పొదిగిన ఇత్తడి పక్కన గాని వస్తుంది. పదునైన స్క్రేపర్‌తో నాలుగు సార్లు లాగితే పోతుంది. నూనె మచ్చకి అంచు ఈకలా చెదిరి ఉంటుంది, ఎప్పుడూ ఏదో ఒక రంధ్రం నుంచో గూడు నుంచో మొదలవుతుంది. ఎంత గీకినా కిందనుంచి ఇంకా వస్తూనే ఉంటుంది.

తీసే విధానం ఇది. అన్నీ ఆరుబయట, నిప్పుకి, స్విచ్చులకి దూరంగా చేయాలి.

మొదట హీట్ గన్‌ని తక్కువ మీద పెట్టి మచ్చని చేయి ఆన్చగలిగేంత వెచ్చగా చేయండి. పైకి వచ్చిన నూనెని టిష్యూతో అద్దండి, రుద్దొద్దు. నూనె రావడం ఆగాక హీట్ గన్ ప్లగ్గు పీకేసి, దూరంగా పెట్టి, కర్ర పూర్తిగా చల్లారనివ్వండి. మధ్యలో ఈ విరామాన్ని తగ్గించొద్దు, తర్వాత తీసేది ఎసిటోన్ డబ్బా.

సుద్దపొడిలో ఎసిటోన్ పోసి ఇడ్లీ పిండి జారుగా కలపండి. మచ్చ మీద, గూడు లోపల అడ్డంగా తెగిన ముఖం మీద కూడా అర సెంటీమీటరు మందం పట్టించండి. ఎసిటోన్ ఆరుతూ నూనెని సుద్దలోకి లాగుతుంది. ఎండిన సుద్ద పసుపుపచ్చగా మారితే పని జరుగుతున్నట్టే. దులిపేసి మళ్లీ పట్టించండి. సుద్ద తెల్లగానే ఎండేదాకా చేయాలి, సాధారణంగా మూడు నాలుగు విడతలు. ఒక్క విడతతో ఆపేసిన వాళ్లకి మచ్చ తిరిగి రావడం ఖాయం.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. సుద్ద క్షారం, రంగు ఆమ్లం. సుద్ద నారల్లో మిగిలిపోతే అక్కడ రంగు చచ్చిపోయి, నూనె మచ్చ పోయిన చోట సుద్ద మచ్చ వస్తుంది. పాత టూత్ బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి ఆరబెట్టండి. సుద్ద బదులు వాసన వేయని టాల్క్ వాడితే ఈ బెడద ఉండదు.

తర్వాత మచ్చ మీద ఒకటి, దూరంగా శుభ్రమైన చోట ఒకటి నీటిచుక్క వేయండి. రెండూ ఒకేలా పరుచుకుంటే రంగు వేయొచ్చు. రంగు ముందే వేసేసి ఉంటే మచ్చ వరకే సగం పలచన చేసిన ద్రావణం పూసి, అంచులు తడిగుడ్డతో కలిపేసి, వేడి పట్టండి. ఒకేసారి సరిపెట్టాలని చూడకుండా రెండు మూడు పలచటి పూతల్లో చుట్టూ ఉన్న రంగుని అందుకోండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే లాక్‌ని మొదటి రోజే మినరల్ స్పిరిట్స్‌లో కడిగి, కూర్చోబెట్టే పని అయ్యేదాకా నూనె ముట్టించొద్దు. గూడు సరిచూడ్డానికి దీపం మసి చాలు. ప్లేటుని మంట మీద నల్లగా పట్టించి, చల్లార్చి, గూట్లో నొక్కండి. పాతవాళ్ల పద్ధతీ అదే, అందులో నూనె లేదు. రంగు అయ్యాక గూడు లోపల కూడా పలచగా ఫినిష్ పూసి మూసేయండి.

గోధుమరంగు రాక, ఆకుపచ్చగానో బూడిదగానో ఉండిపోవడం

వేడి చాలలేదు, అంతే. ఐరన్ నైట్రేట్ ఆరినంత మాత్రాన రంగు మారదు, వేడికి తిరగాలి. హీట్ గన్‌ని రెండు మూడు అంగుళాల దూరంలో కదుపుతూ ఉంటే పచ్చదనం మీద ఎరుపు ఒక్కసారిగా పాకుతుంది. అది కనబడగానే ముందుకి జరగండి. స్టాక్ ముందుభాగంలో గోడలు రెండు మూడు మిల్లీమీటర్లే కాబట్టి అక్కడ చేయి ఆగితే మాడుతుంది. ఈ వేడికి వచ్చే పొగ పీల్చకూడనిది. గరాజ్ తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదు, బయటికి రండి.

ద్రావణం స్ఫటికాలు ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు. మరీ ముదిరితే, ముఖ్యంగా బట్ ప్లేట్ దగ్గర, మెరూన్ స్కాచ్ బ్రైట్ (గరుకు పీచు)తో చెంప ఆనే చోట, చేయి పట్టే చోట రుద్ది తేల్చండి. పాత రైఫిళ్లు అరిగేదీ అక్కడే కాబట్టి ఎబ్బెట్టుగా ఉండదు. రంగు ముందు టానిక్ ఆమ్లం పూసిన వాళ్లకి నలుపు వస్తే, ఆ పూత చిక్కగా పడిందన్నమాట.

నూనె ఆరక జిగటగా ఉండడం

మందంగా పూశారు, లేదా పచ్చి అవిసె నూనె పూశారు. పచ్చిది ఆరడానికి వారాలు పడుతుంది. టర్పెంటైన్ గుడ్డతో జిగట తుడిచేసి, ఉడికించిన నూనె చాలా పలచగా పూసి, పావుగంటలో మిగులు మొత్తం తుడిచేయండి. రోజుకి ఒక్క పూతే. ఆ గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లున్న రేకు డబ్బాలో ముంచి మూతపెట్టండి.

ఇత్తడి, వెండి పొదుగు పక్కన మురికి చారలు

పొదిగాక రంగు వేశారు. ఐరన్ నైట్రేట్ రాగినీ వెండినీ తినేస్తుంది, తిన్నదంతా పక్క కర్రలోకి దిగుతుంది. ముక్కల్ని జిగురు లేకుండా ఇమిడ్చి, కర్రతో కలిపి ఆకురాయి పట్టి సమం చేసి, ఊడదీసి, రంగు వేసి, ఆ తర్వాత అతికించడమే వరుస. ఆకురాయి పట్టాక నారల్లో దిగిన లోహపు పొడిని స్క్రేపర్‌తో తీయాలి, శాండ్ పేపర్ దాన్ని ఇంకా లోపలికి రుద్దుతుంది. పొదుగు చుట్టూ సందు కనిపిస్తే ముక్క అంచుని కిందివైపు కొంచెం లోపలికి వాలేలా రాచి, గీతని పెన్సిల్‌తో కాక చాకు మొనతో గీయండి. అప్పుడు నొక్కేకొద్దీ బిగుస్తుంది.

మిగతావి

చారలు మసకబారాయంటే రంగుపొడి కలిసిన స్టెయిన్ వాడారు, గీకి మళ్లీ మొదలుపెట్టడమే. చెక్కుతుంటే పెచ్చులు లేస్తున్నాయంటే ఉలికి పదును లేదు. స్టాక్ ముందుభాగం చీలితే బ్యారెల్ పిన్నుల దగ్గర చూడండి. లగ్గు (పిన్ను దూరడానికి బ్యారెల్ కింద ఉండే లోహపు ముక్క) రంధ్రాలు గుండ్రంగా వదిలేసి ఉంటే పొడవుగా రాచండి, వానాకాలం ఎండాకాలం మధ్య కర్ర కదలడానికి చోటు కావాలి. బ్యారెల్ బ్రౌనింగ్ (ఇనుముకి గోధుమరంగు పట్టించడం) మచ్చలుగా వస్తే అదీ నూనె సంగతే, ఈసారి మాత్రం మీ చేతిదే. ఎసిటోన్‌తో తుడిచి, మూతిలో చెక్క బిరడా కొట్టి, ఇక దాన్నే పట్టుకుని పని చేయండి.