చెన్నై వానల ముందు పాత బండి విప్పుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఆయుధపూజకి బళ్లు కడిగి బొట్టు పెట్టేటప్పుడే చాలామందికి ఆ ఆలోచన వస్తుంది. మూలన పడున్న నాన్నగారి యెజ్డీనో, మామయ్య వదిలేసిన యమహా ఆర్‌ఎక్స్ 100నో, పాత బుల్లెట్టునో ఈసారి ఎలాగైనా రోడ్డెక్కించాలని. ఆలోచన మంచిదే, చెన్నైలో ఆ సమయమే మంచిది కాదు. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ 20 ప్రాంతంలో మొదలై డిసెంబర్ దాకా ఉంటాయి. పండగ ఉత్సాహంలో ఇంజిన్ దించేసి, ఆ తర్వాత సామాను కోసం తిరగడం మొదలుపెడితే, అవి దొరికేలోపే వానలు పట్టుకుంటాయి. విప్పిన బండి ముక్కలుగా తడి గాలిలో పడుంటుంది.

అందుకే నన్ను అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతాను: ముందు సామాను, తర్వాతే స్పానర్.

ఇది సముద్రపు గాలి తగిలే ఊరు. పెయింటు ఉన్నచోట తుప్పు నెమ్మదిగా వస్తుంది. ఇంజిన్ లోపలి ఇనుముకి నూనె తప్ప వేరే రక్షణ లేదు. ఈ పాత బళ్లలో బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్, పోత ఇనుముది. హెడ్ తీసి, బోరు తుడిచి పొడిగా వదిలేస్తే వానాకాలంలో తెల్లారేసరికి సన్నటి ఎర్రపొర కమ్ముకుంటుంది. బేరింగులదీ అదే గతి. బాల్ మీద చుక్కంత మచ్చ పడినా ఆ బేరింగ్ ఇక అరుస్తూనే ఉంటుంది. అప్పటిదాకా బాగున్న భాగం కూడా మన చేతుల్లోనే పాడై, వెతకాల్సిన జాబితాలో చేరుతుంది.

మరి విప్పకుండా ఏమేం కావాలో ఎలా తెలుస్తుంది? చాలావరకు తెలుస్తుంది. ఏళ్ల తరబడి నిలిచిపోయిన టూ స్ట్రోక్ బండికి క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్ సీల్స్, పిస్టన్ రింగులు, కార్బొరేటర్ కిట్, కేబుళ్లు, బ్రేక్ షూలు, టైర్లు, ట్యూబులు ఎలాగూ కావాలి. యెజ్డీ స్టార్ట్ అయ్యే స్థితిలో ఉంటే పొగ చూడండి. వేడెక్కినా తెల్లటి పొగ ఆగకుండా, గేర్ ఆయిల్ తగ్గిపోతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ పోయినట్టే. ఆ ఆయిల్‌ని ఇంజిన్ పీల్చుకుంటోంది. ఇక తప్పనిసరైతే హెడ్, బోరు మాత్రం తీసి కొలిపించి, నూనె రాసి, అదే రోజు మళ్లీ బిగించేయండి.

కాగితాల సంగతి

దుకాణాలకి వెళ్లేముందు ఆర్‌సీ బయటికి తీయండి. అందులోని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదున్న వాటితో సరిపోతున్నాయో లేదో టార్చ్ వేసి అక్షరం అక్షరం చూడండి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యూవల్. ఇరవై ఏళ్లు దాటిన టూ వీలర్‌కి 2025 ఆగస్టు నుంచి ఆ ఫీజు 2,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆర్‌సీ చనిపోయిన పెద్దవాళ్ల పేరున ఉంటే ఫారం 31తో ముందు పేరు మార్పించుకోవాలి. మన ఊళ్ల నుంచి ఏపీ, తెలంగాణ నంబరు బళ్లు తెచ్చుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పన్నెండు నెలలకి మించి ఇక్కడ ఉంచితే అక్కడి ఆర్‌టీఓ దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని తమిళనాడు నంబరుకి మార్చాల్సిందే.

మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బళ్లకి 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ అలాంటి బండిని రోజువారీగా తిప్పడానికి వీల్లేదు. ఆఫీసుకి వేసుకెళ్లాలని ఉన్నవాళ్లు ఆ దారి పట్టకండి.

ఇదంతా ముందే ఎందుకంటే, సామాను వెతుకులాటలో పెద్ద చిక్కు ఇంజిన్ కేసింగ్ దగ్గరే వస్తుంది. కేసింగ్ మీద నంబరు ఉంటుంది. వేరే బండి కేసింగ్ వేయాలంటే ఆర్‌టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. అమ్మేవాళ్లని బిల్లు మీద ఆ నంబరు రాసివ్వమని అడగండి, అది వచ్చిన బండి ఆర్‌సీ కాపీ అడగండి. నంబరు ఉన్నచోట ఆకురాయి పెట్టినట్టు గానీ, మళ్లీ కొట్టినట్టు గానీ కనిపిస్తే ఎంత చవకైనా అక్కడే పెట్టేసి వచ్చేయండి. దొంగ సొత్తు అని తెలిసీ, లేదా అలా అనుమానించాల్సి ఉండీ కొన్నవాళ్లపై భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కేసు అవుతుంది.

వెతకడం

చెన్నైలో పాత సామాను అనగానే పుదుపేట. ఎగ్మూరుకి, చింతాద్రిపేటకి మధ్య కూవం ఒడ్డున ఉంటుంది. విప్పిన బళ్ల భాగాలు అక్కడ దొరుకుతాయి. కొత్త స్పేర్లకి మౌంట్ రోడ్డు పక్కనున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డు, అందరూ జీపీ రోడ్డు అంటారు. వైర్లకి, మల్టీమీటర్‌కి రిచీ స్ట్రీట్. బేరింగులకి ప్యారీస్ కార్నర్ వైపు వెళ్లండి.

ఆ చివరిది చాలామందికి తట్టదు. బేరింగ్‌నీ, ఆయిల్ సీల్‌నీ బండి పేరు చెప్పి అడిగితే "అది రావడం ఆగిపోయింది సార్" అంటారు. నంబరు చెప్పి అడిగితే బల్ల మీద పెడతారు. ఉదాహరణకి 6204 అని ఉంటే లోపలి వ్యాసం 20, బయటిది 47, మందం 14 మిల్లీమీటర్లు, ఏ బండిదైనా అంతే. క్రాంక్‌కి వేసేదైతే పాతదాని మీద నంబరు పక్కన 'సీ3' ఉందేమో చూసి అదే అడగండి. ఇంజిన్ వేడికి బేరింగ్ బిగుసుకోకుండా లోపల కాస్త ఎక్కువ సందు ఉంచిన రకం అది. సీల్‌కైతే మూడు కొలతలు చాలు. దొరకదనుకున్న సామానులో కొంత ఇలా సులువుగానే దొరికిపోతుంది.

మోడల్ పేరు మాత్రం పూర్తిగా తెలుసుకుని వెళ్లండి. మైసూరులో ఐడియల్ జావా 1996లో మూతపడింది. ఆ లోపు జావా, యెజ్డీ పేర్లతో వచ్చిన రకాలు చాలా, రోడ్‌కింగ్ సామానంతా మిగతావాటికి పట్టదు. 2018లో మళ్లీ వచ్చిన జావా నీళ్లతో చల్లబడే ఫోర్ స్ట్రోక్, దానికీ పాతదానికీ పేరు తప్ప సంబంధం లేదు. ఆన్‌లైన్‌లో వెతికితే రెండూ కలిసే వస్తాయి. రాజ్‌దూత్ 350లో హై టార్క్, లో టార్క్ అని రెండున్నాయి. ఆర్‌ఎక్స్ 100కి ఆర్‌ఎక్స్ 135 బోరు అంటగట్టేవాళ్లూ ఉంటారు.

పాత భాగం చేతిలో పట్టుకునే వెళ్లండి, కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్ కూడా. ఫోన్‌లో ఫొటో కొలత చెప్పదు. కొత్తది కొన్నా, బండి తిరిగేదాకా పాతది పారేయొద్దు, మెకానిక్‌ని పారేయనివ్వొద్దు. రేపు లేత్‌లో బుష్ చేయించాల్సి వస్తే కొలతకి ఆధారం అదొక్కటే.

బోల్టుల మరల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. పాత బుల్లెట్టు ఇంగ్లండు డిజైను, దాని మరలు అంగుళాల లెక్క. యెజ్డీ, యమహా మిల్లీమీటర్ల లెక్క. 5/16 అంగుళం బోల్టు అంటే 7.94 మిల్లీమీటర్లు, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి ఒకేలా ఉంటుంది. అల్యూమినియం కేసింగ్‌లో తప్పు బోల్టు పెడితే మొదటి చుట్లు సాఫీగానే తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. అప్పుడు స్పానర్‌తో "కొంచెం బలం పెడితే వెళ్తుంది" అన్నారో, లోపలి థ్రెడ్ వెంట్రుకలా చుట్టుకుని బయటికి వచ్చేస్తుంది. ఏ బోల్టైనా మొదట చేత్తో చివరిదాకా తిరగాలి. తిరగకపోతే అది ఆ రంధ్రానిది కాదు.

ఏది పాతది, ఏది కొత్తది

బ్రేక్ షూలు, కేబుళ్లు, చైను, టైర్లు, సీల్స్, గ్యాస్కెట్లు పాతవి కొనకండి, ఎవరు ఏం చెప్పినా సరే. కొత్త టైరే అయినా దాని పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. పాత బళ్ల సైజులు అరుదుగా అమ్ముడవుతాయి కాబట్టి దుకాణాల్లోనే ఏళ్లు పడున్నవి కొత్తగా చేతికొస్తాయి.

హబ్బులు, మడ్‌గార్డులు, టూల్ బాక్సులు, క్రాంక్ కేసులు (నంబరుండే ఇంజిన్ కేసింగులు) మాత్రం డూప్లికేట్ కొత్తదాని కన్నా అలిసిపోయిన ఒరిజినలే నయం. డూప్లికేట్ మడ్‌గార్డు రేకు పలచన. ఒరిజినల్ సొట్టలు పడినా సుత్తి దెబ్బకి నిలుస్తుంది.

క్రాంక్ కేసు కొంటే రెండు సగాలూ ఒకే జతవి కావాలి. బేరింగ్ కూర్చునే రంధ్రాలు ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి చెక్కుతారు. వేర్వేరు బళ్ల సగాలు కలిపితే క్రాంక్ నిటారుగా కూర్చోదు. ముందువైపు చైన్ స్ప్రాకెట్ (పళ్లచక్రం) చుట్టూ చూడండి. చైను తెగినప్పుడు కొట్టుకుని పగిలేది అక్కడే. అనుమానం ఉంటే ఆ భాగానికి పెట్రోల్ రాసి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి రుద్దండి. చీలిక ఉంటే లోపల దాగిన పెట్రోల్ బయటికొచ్చి తెల్లపొడి మీద సన్నని నల్లగీత తేలుతుంది. గేర్లలో పళ్ల కన్నా పక్కనుండే డాగ్స్ (ఒక గేరుని ఇంకోదానితో పట్టించే బొడిపెలు) అంచులు చూడండి, అవి గుండ్రంగా అరిగితే గేర్ జారుతుంది. ఫోర్క్ పైపుని దుకాణంలో అద్దం బల్ల మీద దొర్లించండి. వంగి ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది.

వరదల తర్వాత కొన్ని నెలలపాటు మార్కెట్లోకి వచ్చే ఇంజిన్లు, మాగ్నెట్లతో మరీ జాగ్రత్త. 2015 డిసెంబర్‌లోనూ, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకీ ఎన్ని బళ్లు మునిగాయో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. పైకి తళతళలాడినా బోల్టు రంధ్రాల అడుగున, రెక్కల సందుల్లో ఎండిన ఒండ్రు ఉంటే తీసుకోకండి.

రీబోర్, అంటే అరిగిన బోరుని కాస్త పెద్దగా చెక్కించడం, చేయించేవాళ్లు పిస్టన్ చేతికొచ్చాకే బోరు లేత్‌కి ఇవ్వండి. 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్‌లలో ఏది దొరికితే దానికే, ఆ పిస్టన్‌నే కొలిచి చెక్కించాలి. ముందే 0.50కి చెక్కించి తర్వాత ఆ సైజు దొరక్క, 0.75కి మళ్లీ చెక్కించడమంటే బోరు ఆయుష్షులో ఒక మెట్టు ఊరికే పోయినట్టే.

ప్రాణం మీదికి వచ్చేవి

ట్యాంకుకి చిల్లు పడితే "ఖాళీదే కదా" అని వెల్డింగ్ పెట్టనివ్వకండి. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే పేలుతుంది, లోపల మిగిలిన ఆవిరి చాలు. సబ్బునీళ్లతో పలుమార్లు కడిగి, వెల్డ్ చేసేచోటు వరకు నీళ్లు నింపి, మూత తెరిచి, ట్యాంకుల పని తెలిసినవాళ్ల చేతే చేయించాలి. పాత బ్రేక్ డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఊదకండి. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం, అది పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. పెట్రోల్ పైపు, ట్యాప్ వాషర్, కార్బొరేటర్ రబ్బర్లు తప్పక మార్చండి. ట్యాంకు మూత రబ్బరు కూడా మార్చాలి, వాననీళ్లు దిగితే ఇథనాల్‌తో కలిసి అడుగుకి చేరతాయి.

ఇప్పటికే విప్పేసి ఉంటే కంగారు పడకండి. చిన్న భాగాలు డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో రాసి అంటించండి. బోరుకి, క్రాంక్‌కి, గేర్లకి ఇంజిన్ ఆయిల్ ధారాళంగా రాసి ప్లాస్టిక్ కవర్లో కట్టి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. పేపర్లో చుట్టొద్దు, అది తేమ పీలుస్తుంది. పెయింటు పని జనవరికి వాయిదా వేయండి, తడి గాలిలో కొడితే తెల్లబారుతుంది. వేళచ్చేరి లాంటి నీళ్లు నిలిచే చోట ఉంటే ఆ డబ్బాలు, విప్పిన ఇంజిన్ కింది పోర్షన్లో ఉంచకుండా పై అంతస్తుకి ఎక్కించేయండి. మెకానిక్ షెడ్డులో ఉన్నవి కూడా మొదటి వాన పడకముందే ఇంటికి తెచ్చేసుకోండి.