పుట్టగొడుగుల విషం, మూడో పాఠం: తేరుకున్నట్టు కనిపించే రోజు

పోయిన పాఠంలో గంటలు లెక్కపెట్టడం చూశాం కదా. తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలైతే చాలావరకు కడుపు బాధతోనే తగ్గిపోయే రకం. రాత్రి కూర తిని తెల్లవారుజామున, అంటే ఆరు గంటలు దాటాక మొదలైతే మాత్రం లివర్‌ను దెబ్బతీసే అమాటాక్సిన్ అనే అనుకోవాలి. ఒకే కూరలో రెండు రకాలూ పడి ఉండొచ్చు, కాబట్టి త్వరగా వాంతులయ్యాయి కదా అని వదిలేయకండి.

ఇక రెండో రోజు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళ వైపు పీహెచ్‌సీల్లో పనిచేసే నర్సులకు ఈ పాఠం ముఖ్యం. సెలైన్ ఎక్కింది, విరేచనాలు కట్టాయి, మనిషి లేచి కూర్చుని గంజి తాగాడు. "బాగానే ఉన్నాడు కదమ్మా, ఊడుపులున్నాయి, తీసుకుపోతాం" అంటారు ఇంట్లోవాళ్ళు. దయచేసి పంపొద్దు. లివర్ కణాలు ప్రొటీన్లు తయారుచేసుకోకుండా ఈ విషం అడ్డుపడుతుంది, ఆ దెబ్బ పైకి కనబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. రక్తం గడ్డకట్టించేవీ ఆ ప్రొటీన్లే, అందుకే ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే లెక్క, పెరుగుతుంది. ఏఎల్‌టీ, అంటే లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైము, తగ్గుతూ ఐఎన్ఆర్ పెరుగుతుంటే అది కోలుకోవడం కాదు, చచ్చిపోవడానికి కణాలు మిగల్లేదని అర్థం.

పైత్యరసంతో పేగుల్లోకి వచ్చిన విషం మళ్ళీ లివర్‌కే చేరుతుంది, అందుకే మనిషి మెలకువగా ఉన్నంతవరకు బొగ్గుపొడి మందు, యాక్టివేటెడ్ చార్‌కోల్, నాలుగు గంటలకోసారి ఇస్తారు. గ్లూకోమీటర్‌తో షుగర్ రెండు గంటలకోసారి చూడండి, ఒక్కసారిగా పడిపోతుంది. చదువొచ్చినవాళ్ళయితే ప్రతి డ్యూటీలో ఒకే కాగితం మీద పేరు రాయించండి. నిన్నటి గుండ్రటి అక్షరాలు ఇవాళ వంకర్లు పోతుంటే, చేతులు చాపమంటే మణికట్లు టపటపా కొట్టుకుంటుంటే, విషయం మెదడు దాకా వచ్చినట్టే. అంతవరకు ఆగకూడదు, అనుమానం రాగానే 108 పిలిచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి, అవసరమైతే విశాఖ కేజీహెచ్‌కి పంపాలి, ఎందుకంటే లివర్ మార్పిడి దాకా వెళ్ళాల్సి వస్తే ఒక్కో గంటా విలువైనదే. నిద్రమందు, పారాసిటమాల్ మీ అంతట మీరు ఇవ్వకండి.

డాక్టరు లివర్‌ను కాపాడేందుకు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు రాస్తే మోతాదు ఇలా నడుస్తుంది: కిలో బరువుకు మొదటి గంటలో 150 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు గంటల్లో 50, ఆపైన పదహారు గంటల్లో 100. లివర్‌లోకి విషం చేరకుండా అడ్డుకునే సిలిబినిన్ అనే మందు దొరికితే దాన్నీ వాడతారు.

అభ్యాసం: 40 కిలోల మనిషికి ఈ మూడు డోసులూ గ్రాముల్లో లెక్కకట్టండి. 6, 2, 4 రావాలి.