నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్ చాలట్లేదా? మార్చాలా, తోడుగా ఇంకోటి పెట్టాలా?

ప్లాన్ చూస్తే 300 ఎమ్‌బీపీఎస్, బెడ్‌రూమ్‌లో కూర్చుంటే మాత్రం వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది. ఇలాంటప్పుడు చాలామంది పెద్ద ప్లాన్‌కి మారిపోతారు, లేదంటే ఎక్కువ యాంటెన్నాలున్న ఖరీదైన రూటర్ కొనేస్తారు. ఈ రెండింటికీ ముందు ఖర్చు లేని పని ఒకటుంది: తేడా లైన్‌లో ఉందా, వైఫైలో ఉందా తేల్చుకోవాలి. అది తేలేదాకా దయచేసి ఏమీ కొనకండి.

తేల్చుకోవడం సులువే. ల్యాప్‌టాప్‌ని ఈథర్నెట్ కేబుల్‌తో నేరుగా కంపెనీ బాక్స్ (అంటే వాళ్లు ఇచ్చిన రూటర్) ల్యాన్ పోర్టుకి (ఇంట్లోని పరికరాలు తగిలించే పోర్టు) కలపండి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి, ఇంట్లో ఎవరూ పెద్ద డౌన్‌లోడ్‌లు పెట్టలేదని చూసుకుని స్పీడ్ టెస్ట్ చేయండి. పగలు ఒకసారి, రాత్రి అందరూ నెట్ వాడే వేళ ఇంకోసారి. కేబుల్ మీద కూడా స్పీడ్ రాకపోతే అది లైన్ గొడవ, కంపెనీకి ఫోన్ చేయాల్సిందే, ఎంత మంచి రూటర్ తెచ్చినా లేని స్పీడ్‌ని పుట్టించలేదు. కేబుల్ మీద పూర్తిగా వచ్చి, బాక్స్ ఉన్న గదిలో వైఫై మీద కూడా బాగానే వచ్చి, రెండు గోడలు దాటాక పడిపోతుంటే అది కవరేజ్ సమస్య. బాక్స్ పక్కనే నిలబడినా వైఫై మీద బాగా తగ్గిపోతుంటే బాక్స్ రేడియో పాతదైనా అయుండాలి, ఫోన్ నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి (వైఫై వాడే తరంగాల వరసల్లో ఒకటి) అతుక్కుని ఉండైనా ఉండాలి.

ఈ టెస్ట్‌లో 94 అనే అంకె కనిపిస్తే ఆగి చూడండి. ప్లాన్ 200 అయినా 500 అయినా కేబుల్ మీద ప్రతిసారీ 93, 94 దగ్గరే ఆగిపోతుంటే ఎక్కడో ఒక లింక్ 100 ఎమ్‌బీపీఎస్‌కి దిగిపోయిందని అర్థం. గిగాబిట్ (1000 ఎమ్‌బీపీఎస్) నడవాలంటే కేబుల్ లోపలి ఎనిమిది తీగలూ పనిచేయాలి, 100కి నాలుగు సరిపోతాయి. అందుకే క్లిప్పు దగ్గర ఒక తీగ తెగినా చాలాసార్లు నెట్ ఆగదు, చడీచప్పుడు లేకుండా స్పీడ్ మాత్రం పడిపోతుంది. క్యాట్ 5ఈ కేబుల్ ఒకటి మార్చి చూడండి (క్యాట్ 6 అయితే ఇంకా మంచిది, కానీ ఇంట్లో గిగాబిట్‌కి 5ఈ చాలు). అప్పటికీ మారకపోతే పోర్టు మార్చండి, ఎందుకంటే కొన్ని బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావన్నీ 100వే.

సమస్య వైఫైదే అని తేలిందనుకుందాం. ఇప్పుడు కూడా షాపుకి పరిగెత్తొద్దు, బాక్స్ ఎక్కడుందో చూడండి. టీవీ వెనకో, చెక్క అల్మారా లోపలో, గుమ్మం పక్కన నేల మీదో ఉంటే దాన్ని ఇంటి నడిమధ్యకి, మనిషి ఎత్తుకి తీసుకురండి. నిలువు యాంటెన్నా నుంచి సిగ్నల్ ఎక్కువగా పక్కలకే వెళ్తుంది కాబట్టి యాంటెన్నాలని నిటారుగానే ఉంచండి. పెద్ద అద్దాలు, ఫ్రిజ్, చేపల తొట్టి, ఇనుప బీరువా ఇవన్నీ సిగ్నల్‌కి అడ్డం. కానీ ఫైబర్ తీగని మీరే గట్టిగా లాగి మడత పెట్టొద్దు, లోపల ఉండేది గాజు, వంపు మరీ ఎక్కువైతే కాంతి కారిపోతుంది. పొడవు చాలకపోతే కంపెనీ మనిషినే పిలవండి.

సెట్టింగుల్లో 2.4 గిగాహెర్ట్జ్‌కి ఛానల్ (సిగ్నల్ నడిచే దారి) వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి, ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు ఆ మూడే. 2.4 దూరం వెళ్తుంది కానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ కాంక్రీట్ గోడ దాటేసరికి నీరసించిపోతుంది. కాబట్టి పెద్ద ఇంటికి ఒకే రూటర్‌తో అన్ని మూలలా మంచి స్పీడ్ ఆశించడం కష్టం. వైఫై అంటే రెండు వైపుల మాట, రూటర్ ఎంత గట్టిగా అరిచినా మీ ఫోన్ తిరిగి చెప్పేది దానికి వినపడాలి కదా!

ఇక అసలు నిర్ణయం. కంపెనీ బాక్స్ చూడ్డానికి ఒకటే కానీ లోపల చేసే పనులు వేరువేరు. ఫైబర్‌లో వచ్చే కాంతిని డేటాగా మార్చేది ఓఎన్‌టీ, ఇంట్లోని అన్నిటికీ ఐపీ అడ్రసులు (ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్లు) పంచేది రూటర్, గాల్లోకి పంపేది వైఫై. మీకు చిరాకు తెప్పిస్తున్నది చివరిదొక్కటే. ఓఎన్‌టీ కంపెనీ దగ్గర రిజిస్టరై ఉంటుంది కాబట్టి బాక్స్ పీకేసి ఆ స్థానంలో కొత్త రూటర్ పెట్టేయడం చాలా చోట్ల కుదరదు, పెట్టాల్సిన అవసరమూ లేదు. ఆ పని దానికే వదిలేసి, వైఫైని మాత్రం వేరే పరికరానికి అప్పగించండి.

నన్నడిగితే మొదటి ఓటు యాక్సెస్ పాయింట్‌కే (కేబుల్‌లో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే పరికరం). బాక్స్ నుంచి సిగ్నల్ అందని వైపు గదిదాకా ఒక ఈథర్నెట్ కేబుల్ లాగి, ఆ చివర రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం, అంతే. కేబుల్ లాగడం విసుగే, కానీ ఒక్కసారి లాగితే ఏళ్ల తరబడి దాని గురించి ఆలోచించక్కర్లేదు. మూలన పడున్న పాత రూటర్ కూడా దీనికి పనికొస్తుంది. దాంట్లో ఆ మోడ్ లేకపోతే ఇలా చేయండి: ముందు దాన్ని ఒంటరిగా ల్యాప్‌టాప్‌కి కలిపి సెట్టింగ్స్ తెరవండి, ఇంకా బాక్స్‌కి కలపొద్దు. బాక్స్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, బాక్స్ వేరేవాటికి పంచే అడ్రసుల్లో అది లేకుండా చూసుకోండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టి, అన్నిటికన్నా చివర్లో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేయండి. ఇప్పుడు బాక్స్ ల్యాన్ పోర్టు నుంచి దీని ల్యాన్ పోర్టుకే కేబుల్ కలపండి, వ్యాన్ పోర్టు (బయటి నెట్ వచ్చి కలిసే పోర్టు) ఖాళీగా ఉండాలి. ఈ కొత్త అడ్రస్ కాగితం మీద రాసి రూటర్ అడుగున అంటించండి, మళ్లీ సెట్టింగ్స్ కావాల్సి వచ్చినప్పుడు దాంతోనే తెరుచుకుంటుంది.

ఇదంతా చేయకుండా కొత్త రూటర్‌ని మామూలుగా బాక్స్‌కి తగిలించినా నెట్ రావచ్చు. కానీ అప్పుడు రెండు రూటర్లూ విడివిడిగా అడ్రసులు పంచుతాయి. ఒక వైఫైలో ఉన్న ఫోన్‌కి ఇంకో వైఫైలో ఉన్న ప్రింటర్ కనిపించదు, ఆన్‌లైన్ గేములు పేచీ పెడతాయి. రెండూ 192.168.1 వరసలోనే ఉంటే అసలు నెట్టే రాకపోవచ్చు.

కొత్త రూటర్‌కే పూర్తి పెత్తనం ఇవ్వాలంటే, అంటే పిల్లల ఫోన్లకి టైమ్ పెట్టడం లాంటివి దాంట్లోనే కావాలంటే, బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లోకి (రూటర్ పని మానేసి నెట్‌ని కొత్త రూటర్‌కి దాటించే పద్ధతి) మార్చాలి. ముందు కంపెనీకి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: బ్రిడ్జ్ మోడ్ ఇస్తారా, లాగిన్ పీపీపీఓఈ పద్ధతా (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి నెట్‌కి కలవడం), అయితే ఆ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ ఏంటి, వీల్యాన్ నంబర్ (లైన్‌లో నెట్‌ని వేరుగా గుర్తుపట్టే నంబర్) ఏమైనా ఉందా. అదే బాక్స్ మీద ల్యాండ్‌లైన్ గానీ టీవీ గానీ నడుస్తుంటే అవి ఆగిపోతాయా అని కూడా గట్టిగా అడగండి. బాక్స్‌లోని వ్యాన్ సెట్టింగ్స్ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. పిన్నుతో నొక్కే రీసెట్ బటన్ జోలికి మాత్రం పోవద్దు, కంపెనీ పెట్టిన సెట్టింగ్స్ చెరిగిపోయే ప్రమాదం ఉంది. మార్పు అయ్యాక నెట్ రాకపోతే టెన్షన్ పడకుండా రెండూ ఆపి, ముందు బాక్స్, అది పూర్తిగా లేచాక రూటర్ ఆన్ చేయండి. కొన్ని కంపెనీలు పాత రూటర్ మ్యాక్ అడ్రస్‌నే (ఒక్కో పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబర్) గుర్తు పెట్టుకుంటాయి, అలాంటప్పుడు కొత్తది నమోదు చేయమని చెప్పాలి, లేదా రూటర్‌లోని మ్యాక్ క్లోన్ (పాత నంబర్‌నే కొత్తదానికి పెట్టే సెట్టింగ్) వాడాలి.

కేబుల్ లాగే వీలే లేదంటే మెష్, అంటే రెండు మూడు డబ్బాలు తమలో తాము వైఫైతో కలిసి ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ ఇచ్చే సెట్. ఇక్కడ చాలామంది రెండో డబ్బాని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. దానికే సిగ్నల్ అందకపోతే అది మీకేం ఇస్తుంది? దారి మధ్యలో, ఇంకా బలంగా అందే చోట పెట్టండి. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని చూస్తే సిగ్నల్ బలం -67 డీబీఎమ్ లేదా అంతకన్నా మెరుగు (-60, -55 అలా) కనిపించాలి, -75కి దిగితే అక్కడొద్దు. ఒకే రేడియోతో అటు రూటర్‌తోనూ ఇటు ఫోన్‌తోనూ మాట్లాడే చవక ఎక్స్‌టెండర్‌లో (వైఫైని అందుకుని తిరిగి పంపే పరికరం) స్పీడ్ దాదాపు సగం పోతుంది. మెయిల్, మెసేజ్‌లకి పర్లేదు, ఆఫీస్ కాల్స్ చేసేవాళ్లకి నేను చెప్పను.

కొనేటప్పుడు అట్టపెట్టె మీది పెద్ద అంకెని నమ్ముకోవద్దు. ఏఎక్స్ 3000 అంటే సాధారణంగా 2.4 బ్యాండ్‌లో 574, 5లో 2402 ఎమ్‌బీపీఎస్ కలిపిన లెక్క, ఒక్క ఫోన్‌కి ఎప్పుడూ అంత రాదు. వైఫై 6 (వైఫైలో ఒక తరం, 7 దాని తర్వాతది), అన్నీ గిగాబిట్ పోర్టులు, కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తున్న మోడల్ అయితే ఎక్కువ ఇళ్లకి సరిపోతుంది. వైఫై 7 ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ చేతిలో లేకుండా దానికోసం ఎక్కువ పెట్టొద్దు.

పెట్టిన రోజే అడ్మిన్ పాస్‌వర్డ్ (రూటర్ సెట్టింగ్స్ తెరిచేది) మార్చండి, వైఫై భద్రతకి డబ్ల్యూపీఏ2 లేదా 3 పెట్టండి, డబ్ల్యూపీఎస్ (బటన్ లేదా పిన్‌తో వైఫైకి కలిపే పద్ధతి) ఆపేయండి. వైఫై పేరూ పాస్‌వర్డూ పాతవే ఉంచితే ఇంట్లో చాలా ఫోన్లు, బల్బులు, కెమెరాలు వాటంతటవే కలుస్తాయి, ఒక్కోదాని దగ్గరికీ తిరగక్కర్లేదు. కొత్తది బాక్స్ పక్కనే ఉంటే బాక్స్ వైఫైని ఆపేయాలి, లేకపోతే ఫోన్లు బలహీనమైనదాన్నే పట్టుకుని వేలాడతాయి. దూరపు గదిలో ఉంటే రెండూ నడవనివ్వండి, ఛానళ్లు మాత్రం వేరుగా ఉండాలి. ఆపేసిన బాక్స్ వైఫై అప్‌డేట్ వచ్చాకో, కంపెనీ మనిషి వచ్చి రీసెట్ చేశాకో మళ్లీ ఆన్ అయిపోవచ్చు. కొన్నాళ్లకి ఉన్నట్టుండి స్పీడ్ తగ్గిందనిపిస్తే ముందు అదే చూడండి.