దుంగల ఇంటి పునాది ఎక్కడ తేడా కొడుతుంది? సమస్య - పరిష్కారం

గుంటూరు చుట్టుపక్కల పొలంలో దుంగల ఇల్లు వేయించుకుందామంటే ముందుగా వినిపించే మాట "చెక్కిల్లే కదండీ, బరువెంత? రెండడుగుల పునాది చాలు" అని. గట్టి గ్రావెల్ నేల మీదైతే ఆ మాట చెల్లుతుంది. నల్లరేగడిలో మాత్రం ఇల్లు తేలికగా ఉండటమే అసలు చిక్కు.

సమస్య: వానాకాలంలో తలుపులు పట్టేస్తున్నాయి, గోడ ఒక మూల లేచినట్టుంది.

తప్పు చెక్కదా, నేలదా ముందు తేల్చుకోండి. తేమకు చెక్క ఉబ్బడం మామూలే. మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ట్యూబ్ లెవెల్ (మట్టం చూసే నీళ్ల గొట్టం) పట్టి నాలుగు మూలల్లో అడుగు దుంగ మట్టం రాసుకోండి. గొట్టంలో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, జాగ్రత్త. రెండుసార్లూ ఒకే మట్టం వస్తే వడ్రంగిని పిలిచి తలుపు అంచు చిత్రిక పట్టించండి, సరిపోతుంది.

తేడా వస్తే అనుమానం రేగడి మీదే. ఎండకు నెర్రెలిచ్చి కుంగుతుంది, తడిస్తే ఉబ్బి పైకి తోస్తుంది. ఇటుక గోడ బరువు ఆ తోపును కొంతైనా అణుస్తుంది. దుంగ గోడ మట్టితోపాటే లేస్తుంది.

ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంటే మట్టిలో తేమ హెచ్చుతగ్గులు తగ్గించాలి. చూరు నీళ్లు గట్టర్ పెట్టి దూరంగా వదలండి. చుట్టూ ఐదారడుగుల వెడల్పున, బయటికి వాలుగా కాంక్రీటు వేయించండి. గోడ వారన అరటి మడి ఉంటే తీసేయండి. పెద్ద చెట్టును మాత్రం తొందరపడి కొట్టేయొద్దు. అది పీల్చే నీరు మట్టిలోనే ఉండిపోయి నేల ఇంకా ఉబ్బుతుంది.

కొత్తగా కట్టేవాళ్లకు నా ఓటు అండర్ రీమ్డ్ పైల్స్‌కే, అంటే నేలలోకి లోతుగా దింపి అడుగున ఉబ్బెత్తుగా చేసే కాంక్రీటు స్తంభాలకే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పైల్‌ను మామూలుగా 3.5 మీటర్ల దాకా దింపుతారు. అక్కడ తేమ పెద్దగా మారదు. అడుగున బల్బును పైల్ వ్యాసానికి 2.5 రెట్లు వెడల్పు చేస్తారు, నేల పైకి లాగినా అది పట్టి ఉంచుతుంది. పైల్స్‌ను కలిపే బీమ్ కింద 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బేది అందులోకే. "ఎలుకలు దూరతాయండీ" అని మేస్త్రీ దాన్ని మట్టితో కూరేయబోతే ఆపండి. కూరేస్తే పైల్స్‌కు పెట్టిన డబ్బు వృథా.

సమస్య: అడుగు దుంగ మెత్తబడింది, చెదలు కట్టిన మట్టి గొట్టాలు కనిపిస్తున్నాయి.

స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సులువుగా దిగితే లోపల పుచ్చినట్టే. దుంగ నేలకు దగ్గరగా ఉండటం, కాంక్రీటు లాగిన చెమ్మ చెక్కకు ఎక్కడం దీనికి కారణాలు. చెడిన దుంగ మార్చి, కొత్తదాన్ని కనీసం అడుగున్నర ఎత్తు పెడస్టల్ (కాంక్రీటు దిమ్మె) మీద, మధ్యలో లోహపు రేకు పెట్టి కూర్చోబెట్టండి. రేకు చెదల్ని చంపదు. అవి చాటుగా పైకెక్కకుండా, బయటికి కనబడేలా గొట్టం కట్టేట్టు చేస్తుంది. అందుకే ఇంటి కిందికి మనిషి పాకి వెళ్లి చూసేంత చోటు ఉండాలి. చెదల మందు పునాది వేసేటప్పుడే కొట్టించండి.

సమస్య: వరద నీరు వచ్చే చోటు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అలాంటి పల్లంలో పిల్లర్ల మీద ఎత్తడమే మంచిది, కానీ ఎత్తొక్కటే చాలదు. చెక్క నీటిలో తేలుతుంది కాబట్టి అడుగు దుంగను పెడస్టల్‌లో పోసిన యాంకర్ బోల్టులతో బిగించాలి. పచ్చి దుంగ ఆరేకొద్దీ కుంచించుకుపోయి నట్లు వదులవుతాయి. మొదటి రెండు మూడేళ్లు వానలకు ముందు ఒకసారి స్పానర్ పట్టించండి.