బ్రెడ్ మెషిన్‌లో పిండి కుదరడం లేదా? మూత తీసి చూడండి

మెషిన్ కొన్న కొత్తలో నేను అన్నీ కొలిచి వేసి, మూతేసి, ‘డో’ (పిండి పిసికి, పొంగనిచ్చి ఆపేసే) బటన్ నొక్కి, గంటన్నర తర్వాత బీప్ కొడితే వెళ్లి చూసేదాన్ని. అప్పటికి చేయగలిగేది ఏమీ ఉండదు. పిసకడం వరకు మెషిన్ చూసుకుంటుంది కానీ, ఈ పిండికి ఈ రోజు ఎన్ని నీళ్లు పడతాయో దానికి తెలీదు. చపాతీ పిండి కలిపేటప్పుడు ఆ సంగతి మన చెయ్యి చెబుతుంది. ఇక్కడ ఆ పని కళ్లతో చేయాలి. పిసకడం మొదలైన 5 నుంచి 10 నిమిషాల మధ్య మూత తీసి చూడండి. ఈ దశలో తీస్తే ఏమీ కాదు. బేకింగ్ మొదలయ్యాక మాత్రం వద్దు.

ముద్ద ఒక్కటిగా గుండ్రంగా తిరుగుతుండాలి, పాన్ గోడలకు పిండి అంటుకుని ఉండకూడదు. మెషిన్ ఆపి వేలితో నొక్కితే అంటినట్టే అంటి వదిలేయాలి. చపాతీ పిండి కంటే మెత్తగా, బొబ్బట్ల పిండి కంటే గట్టిగా ఉంటే సరిపోయినట్టే.

మొదలుపెట్టడానికి ఒక లెక్క: మైదా 400 గ్రాములు, నీళ్లు 240 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు, ఉప్పు 7 గ్రాములు, పంచదార, నూనె చెరో 20 గ్రాములు. కప్పులతో కాదు, తూకంతో. కప్పులో పిండి వదులుగా పోస్తే ఒక బరువు, కుదించి నింపితే ఇంకో బరువు. సగం కష్టాలు అక్కడే మొదలవుతాయి.

పిండి జారుగా ఉంది, అడుగున పూసుకుపోయి తిరుగుతోంది

నీళ్లు ఎక్కువయ్యాయి. కానీ రెండో నిమిషంలోనే కంగారుపడి పిండి పోసేయకండి. మైదా నీళ్లు పీల్చుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. 10 నిమిషాలైనా ముద్ద కట్టకపోతే అప్పుడు ఒక టేబుల్ స్పూన్ పిండి చల్లి, ఒక నిమిషం ఆగి, చూసి, మళ్లీ ఇంకొకటి. వానాకాలంలో పిండికే కాస్త తేమ ఉంటుంది కాబట్టి ముందే ఒకటి రెండు చెంచాల నీళ్లు తగ్గించి పోయడం నా అలవాటు. తర్వాత నీళ్లు కలపడం తేలిక, పిండి కలపడం కష్టం.

మెషిన్ మూలుగుతోంది, పిండి రాళ్లలా టకటక కొట్టుకుంటోంది

నీళ్లు చాలలేదు. చాలాసార్లు దీనికి కారణం, మైదా కొలతతో గోధుమపిండి వేయడం. మన చపాతీ పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. 400 గ్రాములకు 280 దాకా పట్టొచ్చు. నీళ్ల బదులు పాలు పోసినా ఇంతే. పాలలో ఉన్నదంతా నీరు కాదు కదా, ఒకటి రెండు చెంచాలు అదనంగా కావాలి. టీస్పూన్ చొప్పున నీళ్లు చల్లుతూ వెళ్లండి. మోటార్ నుంచి వేడి వాసన వస్తే మాత్రం వెంటనే ఆపి, పిండి తీసి, చేత్తో నీళ్లు అద్ది మెత్తబరిచి, మెషిన్ చల్లారాక మళ్లీ వేయండి.

మూలల్లో పొడి పిండి మిగిలిపోతోంది

ఇది సమస్యే కాదు. ఐదో నిమిషంలో రబ్బరు గరిటెతో గోడల మీది పిండిని మధ్యలోకి తోసేయండి. స్టీలు చెంచా వాడితే పాన్ కోటింగ్ పోతుంది.

శబ్దం వస్తోంది, ముద్ద మాత్రం కదలడం లేదు

ముందు ప్యాడిల్, అంటే పాన్ అడుగున పిండిని తిప్పే రెక్క, ఉందో లేదో చూడండి. నవ్వకండి, నేను ఒకసారి అది సింకులోనే వదిలేసి 20 నిమిషాలు ఎదురుచూశాను. ఉంటే, ఇరుసు మీద పూర్తిగా కూర్చుందా, పాన్ తిప్పితే ‘టక్’మని లాక్ అయిందా చూడండి. ప్యాడిల్ రంధ్రంలో పాత పిండి ఎండిపోయి ఉంటే గోరువెచ్చని నీళ్లు పాన్‌లో పోసి అరగంట ఉంచండి. పాన్ మొత్తాన్ని నీళ్లలో ముంచకండి, అడుగున ఉన్న బేరింగ్ పాడవుతుంది.

పిండి మరీ తక్కువ వేసినా ముద్ద ప్యాడిల్‌తో పాటే గిరగిరా తిరుగుతుంది తప్ప నలగదు. గోడకు తగిలి సాగాలి. జపాన్‌లో మత్సుషిటా కంపెనీ 1985 ప్రాంతంలో ఇంటి బ్రెడ్ మెషిన్ తయారుచేస్తుంటే అడ్డుపడింది సరిగ్గా ఈ పిసకడమే. ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలోని ఒక హోటల్ బేకర్ దగ్గర పని నేర్చుకుని, ఆయన పిండిని సాగదీస్తూనే మెలితిప్పుతున్నాడని గమనించింది. ఆ మెలిక కోసమే వాళ్లు పాన్ లోపల గట్లు పెట్టారు. మీ మెషిన్ పుస్తకంలో రాసిన కనీస కొలత కంటే తగ్గించకండి.

ముద్ద బాగుంది, లాగితే తెగిపోతోంది

నిమ్మకాయంత పిండి తీసి రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీయండి. వెలుతురు కనబడేంత పల్చటి పొర రావాలి. రాకపోతే జిగురు ఇంకా కట్టలేదన్నమాట. గోధుమపిండితో ఇది మామూలే. అందులోని తవుడు ఆ జిగురును తెంపుతూ ఉంటుంది. దీనికి మందు ఓపికే. రెండు నిమిషాలు కలిశాక మెషిన్ ఆపేసి, మూతేసి 30 నిమిషాలు నాననివ్వండి. తర్వాత ‘డో’ మొదటి నుంచి పెట్టండి. సగం మైదా, సగం గోధుమపిండితో మొదలెడితే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.

పిండి వేడిగా, వదులుగా, పుల్లటి వాసనతో వచ్చింది

మే నెల సమస్య. వంటగదే 38 డిగ్రీలు ఉంటే, ప్యాడిల్ రాపిడి వేడి దాని మీద అదనం. పిసకడం అయ్యేసరికి పిండి 27 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లే పోయండి, ఈస్ట్ 3 గ్రాములకు తగ్గించండి. పిసకడం అవగానే పిండిని గిన్నెలోకి తీసి బయటే పొంగనివ్వండి. మెషిన్ లోపల పులియడానికి ఇచ్చే వెచ్చదనం మనకు ఆ నెలల్లో అక్కర్లేదు.

అసలు పొంగలేదు

ఈస్ట్ పాతదై ఉంటుంది. అరకప్పు గోరువెచ్చని నీళ్లలో చెంచా పంచదార, చెంచా ఈస్ట్ వేస్తే 10 నిమిషాల్లో నురగ రావాలి. రాకపోతే పారేయండి. పెద్ద గింజల యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే ఎప్పుడూ ఇలా నానబెట్టే వాడండి. ఆ నీళ్లను కొలతలోంచి తగ్గించడం మర్చిపోవద్దు. ఈస్ట్ ముందు వేయాలా చివర వేయాలా అన్నది మాత్రం మీ మెషిన్ పుస్తకం ఎలా చెబితే అలాగే.

మధ్యలో కరెంటు పోయింది

కొన్ని మెషిన్లు కొద్ది నిమిషాల పాటు గుర్తుపెట్టుకుని ఆగినచోటు నుంచే మొదలెడతాయి. మీది అలాంటిది కాకపోతే, పిసికేటప్పుడు పోయినా నష్టం లేదు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి పెట్టండి. పొంగేటప్పుడు పోతే మూత తీయకుండా వదిలేయండి, పిండి తన పాటికి తను పొంగుతుంది. అమెరికా నుంచి తెచ్చుకున్న మెషిన్ అయితే ఇంకో మాట. అది 120 వోల్టులది, మన ప్లగ్గులో వచ్చేది 230. ప్లగ్ అడాప్టర్ ఒక్కటీ చాలదు, దాని వాట్స్‌కి సరిపడే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ఇన్ని చూసుకున్నా ఒక్కోసారి పిండి పులిసిపోయి కూలిపోతుంది. పారేయకండి. పొడి పిండి చల్లి ఉండలు చేసి, చేత్తో వత్తి, వేడి పెనం మీద మూతపెట్టి కాల్చండి. మా ఇంట్లో బ్రెడ్ కన్నా ఆ నాన్‌లకే గిరాకీ.