చెరువు అడుగు బురదలోని డీఎన్ఏతో సూక్ష్మజీవుల్ని గుర్తించడం ఎలా?

చిటికెడు బురదలో ఉండే బాక్టీరియా, డయాటమ్‌లు, సిలియేట్లు, నెమటోడ్లను మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా గుర్తించాలంటే బోలెడంత కాలం పడుతుంది, అదే ఆ బురదలోని డీఎన్ఏ చదివితే కంటికి చిక్కనివి కూడా చాలా బయటపడతాయి.

ముందు శాంపిల్. ప్లాస్టిక్ గొట్టాన్ని నిటారుగా బురదలోకి దించి, పైన మూత బిగించి మెల్లగా లాగండి. మనకు కావాల్సింది పై 1–2 సెంటీమీటర్లే, కిందికి వెళ్లేకొద్దీ పాతకాలం డీఎన్ఏ వస్తుంది. చోటు మారినప్పుడల్లా గ్లౌజులు మార్చండి, పరికరాల్ని బ్లీచ్‌తో తుడిచి శుభ్రమైన నీళ్లతో కడగండి. ఒక్కో చోట కనీసం 3 శాంపిళ్లు తీయండి, ఎందుకంటే జానెడు దూరంలోనే జీవులు మారిపోవచ్చు. ఐస్‌లో తెచ్చి మైనస్ 20 డిగ్రీల్లో, వీలైతే మైనస్ 80లో దాచండి.

తర్వాత ల్యాబ్‌లో బురద నుంచి డీఎన్ఏను వేరుచేయాలి. ఇక్కడ అసలు తలనొప్పి హ్యూమిక్ ఆమ్లాలతో, అంటే కుళ్లిన ఆకులు, మొక్కల నుంచి వచ్చే గోధుమరంగు పదార్థాలతో. తీసిన డీఎన్ఏ ద్రావణం పలచటి టీ డికాక్షన్ రంగులో ఉందంటే అవి ఇంకా పోలేదని అర్థం, పీసీఆర్ (చదవడానికి వీలుగా డీఎన్ఏకు బోలెడన్ని కాపీలు తీసే పద్ధతి) ఆగిపోవచ్చు. టెన్షన్ పడి మళ్లీ మొదటికి వెళ్లకండి, 10 రెట్లు పలుచన చేసి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

ఏ జీవో గుర్తుపట్టడానికి పీసీఆర్‌లో కాపీ చేసి చదవాల్సింది బాక్టీరియాకైతే 16ఎస్ అనే జన్యువు, ప్రోటిస్టులకైతే (డయాటమ్‌లు, సిలియేట్ల లాంటి ఏకకణ జీవులు) 18ఎస్.

బురద వేయని ఖాళీ ట్యూబును కూడా అన్ని దశల్లో నడపండి, దీన్ని మాత్రం దయచేసి వదిలేయొద్దు. అందులో కనిపించిన డీఎన్ఏ మధ్యలో ఎక్కడో కలిసినదే. ఇంకో మాట, చచ్చిన కణాల డీఎన్ఏ కూడా బురదలో చాన్నాళ్లు ఉంటుంది, ఇప్పుడు చురుగ్గా ఉన్నవేవో తెలియాలంటే ఆర్ఎన్ఏ కూడా తీయాలి.